ప్యానెల్‌దాకా రాని పేర్లు

2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఒకేసారి 9 విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్లను నియమించింది. అప్పటికి నెలల తరబడి ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జి వీసీలుగా ఉన్నారు కాబట్టి, ఆ జాబితా కోసం క్యాంపస్‌లన్నీ కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాయి. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, శాతవాహన, తెలంగాణ, మహాత్మాగాంధీ, తెలుగు విశ్వవిద్యాలయం, వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు. తొమ్మిదింటికీ వచ్చిన తొమ్మిది పేర్లూ మగవాళ్లవే. ఇంచుమించు అదే సమయంలో కోఠి మహిళా విశ్వవిద్యాలయం బాధ్యతను ఉస్మానియా తెలుగు ఆచార్యురాలు సూర్యా ధనంజయ్‌కి అప్పగించారు. అదీ ఇన్‌ఛార్జి హోదాలోనే.

నాలుగు నెలలు తిరిగేసరికి, 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ కూడా తొమ్మిది మందిని ప్రకటించింది. అందులో ఇద్దరు మహిళలున్నారు. తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి వి. ఉమ, రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి ఎస్. ప్రసన్నశ్రీ. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంగ్లిష్ ఆచార్యురాలైన ప్రసన్నశ్రీ గిరిజన కుటుంబంలో పుట్టారు. లిపి లేని గిరిజన భాషలకు అక్షరాలు రూపొందించడానికి ఏళ్లకేళ్లు వెచ్చించి, నారీశక్తి పురస్కారం అందుకున్నారు. రెండు జాబితాలూ కలిపితే 18 మందిలో మహిళలు ఇద్దరు. వాళ్లలోనూ ఒకరు మహిళా విశ్వవిద్యాలయానికే. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే విశ్వవిద్యాలయాల వరకే చూస్తే ఒక్కరు.

ఇలాంటి జాబితా బయటికొచ్చిన ప్రతిసారీ ఏ సామాజిక వర్గానికి ఎన్ని పదవులు దక్కాయని లెక్క తీస్తారు. తీయాల్సిందే. కులం పేరుతో శతాబ్దాల పాటు తలుపులు మూసిన దేశంలో ఆ లెక్క అడగడం న్యాయం. ఆడవాళ్లు ఎందరన్న లెక్క కూడా అదే పూట, అంతే గట్టిగా అడగకపోవడమే బాధాకరం. అడిగినా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘అర్హులైనవాళ్లు దొరకలేదు.’

దొరకకపోవడమేమిటి? దేశంలో ఉన్నత విద్యపై కేంద్రం చేసిన 2021-22 సర్వే ప్రకారం ఆ స్థాయి చదువుల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది అమ్మాయిలే. అధ్యాపకుల్లో మహిళలు నూటికి 43 మంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లలో సగానికి కాస్త తక్కువ. అదే ప్రొఫెసర్ స్థాయికి వచ్చేసరికి మూడో వంతు కూడా ఉండరు. ఇక వీసీల దగ్గరికొస్తే, బ్రిటిష్ కౌన్సిల్ కోసం ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ మోర్లీ, బార్బరా క్రాసార్డ్ దశాబ్దం కిందట దక్షిణాసియా మీద చేసిన అధ్యయనం ఉంది. అందులో భారత్‌లో మహిళా వీసీలు నూటికి ముగ్గురు. మొత్తం 13 మందిని లెక్కిస్తే, వాళ్లలో ఆరుగురు మహిళా విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు. ఆ తర్వాత పరిస్థితి కొంత మారింది. 2019లో జామియా మిల్లియాకు నజ్మా అఖ్తర్, 2020లో అలహాబాద్‌కు సంగీతా శ్రీవాస్తవ, 2022లో జేఎన్‌యూకు శాంతిశ్రీ ధూళిపూడి పండిట్, 2024లో అలీగఢ్‌కు నయీమా ఖాతూన్ తొలి మహిళా వీసీలయ్యారు. శాంతిశ్రీ మన తెలుగు రచయిత, పాత్రికేయుడు ధూళిపూడి ఆంజనేయులు కూతురు. వందేళ్లు నిండిన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి మాత్రం ఇప్పటిదాకా ఒక్క మహిళా వీసీ కాలేదు.

అలీగఢ్ చరిత్రను కొంచెం ఆగి చూడాలి. 1920లో అది విశ్వవిద్యాలయంగా మారినప్పుడు దాని తొలి ఛాన్సలర్ ఒక మహిళ. భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం. పట్టాలిచ్చే పెద్దరికం మొదటిరోజే ఆడమనిషికి దక్కింది. కానీ రోజువారీ పాలన చేసే కుర్చీలోకి మహిళ రావడానికి 104 ఏళ్లు పట్టింది. గౌరవ పదవికి రాణి కావచ్చు, బడ్జెట్ మీద సంతకం చేసే పదవికి మాత్రం మహిళా ప్రొఫెసర్ పనికిరాదన్న తేడా ఆ శతాబ్దమంతా నడిచింది.

దీన్ని కాలమహిమ అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకే బరోడాలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం ఏర్పడితే, తొలి వీసీగా హంసా మెహతాను ఎంచుకున్నారు. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే విశ్వవిద్యాలయానికి దేశంలో ఒక మహిళ వీసీ కావడం అదే మొదలు. 1949 నుంచి 1958 దాకా ఆమె ఆ పదవిలో ఉన్నారు. అప్పటికే ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు ‘పురుషులందరూ’ అని మొదలైన తొలి అధికరణాన్ని ‘మానవులందరూ’ అని మార్పించిన మనిషి. కొత్త విశ్వవిద్యాలయానికి శాఖలు ఏర్పాటు చేయడం, భవనాలు కట్టించడం, అధ్యాపకులను వెతికి తెచ్చుకోవడం, అన్నీ ఆమె హయాంలోనే సాగాయి. ఆడవాళ్లు యూనివర్సిటీ నడపగలరా అన్న ప్రశ్నకు జవాబు 1949లోనే వచ్చేసింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు ఒక్కో విశ్వవిద్యాలయం అదే ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి వేసుకుంటూ వచ్చింది.

అడ్డంకి ఎక్కడుంది? ఎక్కువమంది చూపు చివరి తలుపు మీదే ఉంటుంది. సెర్చ్ కమిటీ, ప్యానెల్, గవర్నర్ సంతకం. వాటి సంగతి తర్వాత చెప్పుకోవచ్చు. అసలు కథ అంతకు పాతికేళ్ల ముందే మొదలవుతుంది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వీసీ కావాలంటే కనీసం 10 ఏళ్లు ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలోనో పనిచేసి ఉండాలి. ఆ ప్రొఫెసర్ హోదాకు చేరే దారి కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. పీహెచ్‌డీతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్లకు తొలి ప్రమోషన్ 4 ఏళ్లకు, తర్వాతది 5 ఏళ్లకు, అసోసియేట్ ప్రొఫెసర్ మరో 3 ఏళ్లకు, ప్రొఫెసర్ ఇంకో 3 ఏళ్లకు. అన్నీ సకాలంలో జరిగితే 15 ఏళ్లు. దానికి పదేళ్లు కలిపితే పాతికేళ్లు. ముప్ఫై ఏళ్లకు ఉద్యోగంలో చేరిన మనిషి యాభై ఐదేళ్లకు అర్హురాలవుతుంది. కానీ తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ముప్ఫై ఏళ్లకు పర్మనెంట్ పోస్టు దొరకడం ఎంత అరుదో అక్కడ చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. ఏళ్ల తరబడి నియామకాలు లేక ఎందరో కాంట్రాక్టు, గెస్టు ఉద్యోగాల్లోనే తలపండిపోయారు. ముప్ఫై ఐదుకో ముప్ఫై ఎనిమిదికో రెగ్యులర్ అయినవాళ్లకు ఆ పాతికేళ్లు నిండేసరికి రిటైర్మెంట్ ముంచుకొస్తుంది.

ఈ ఆలస్యం మగవాళ్లకూ ఉంది. అయితే ఆడవాళ్లకు దాని మీద మరికొన్ని ఏళ్లు చేరతాయి. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం ఉన్న ఊళ్లో ఏ కాలేజీ దొరికితే అందులో చేరడం, అక్కడి సర్వీసు ఇక్కడ లెక్కలోకి రాకపోవడం, పిల్లల చిన్నతనంలో పీహెచ్‌డీ సాగదీయడం, అత్తమామల అనారోగ్యం. పీహెచ్‌డీ గడువులో మహిళలకు అదనంగా రెండేళ్లు, ప్రసవం, శిశు సంరక్షణ కోసం 240 రోజుల సెలవు యూజీసీ ఇచ్చింది. కేంద్ర ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు 730 రోజుల దాకా ఉంది. మంచి ఏర్పాట్లే. కానీ సెలవు ఇవ్వడం వేరు, ఆ సెలవు కాలాన్ని ప్రమోషన్ ఇంటర్వ్యూలో మచ్చగా చూడకపోవడం వేరు. ‘ఈ రెండేళ్లలో పేపర్లేమీ లేవే’ అన్న ఒక్క ప్రశ్నకు నలభై ఏళ్ల మనిషి ముఖం ఎలా మాడిపోతుందో అలాంటి ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నవాళ్లకే తెలుసు. నాలుగు ప్రమోషన్లలో ఒక్కోటి ఏడాదిన్నర ఆలస్యమైతే చాలు, ప్రొఫెసర్‌గా పదేళ్లు పూర్తిచేసే అవకాశమే పోతుంది. ఎవరూ ఆమెను తిరస్కరించరు. దరఖాస్తు చేసే వయసు దాటిపోతుంది, అంతే.

ప్రొఫెసర్ అయ్యాక మొదలయ్యే సంగతి మరొకటి ఉంది. బయట ఎక్కువగా మాట్లాడుకోరు గానీ అసలు కీలకం అక్కడే ఉంది. అదే పనుల పంపకం.

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడం కాక చేయాల్సిన పనులు బోలెడుంటాయి. ఒక వరుసలో రిజిస్ట్రార్, పరీక్షల కంట్రోలర్, ఫైనాన్స్ కమిటీ, బిల్డింగ్ కమిటీ, అడ్మిషన్ల డైరెక్టరేట్, పాలకమండలి సభ్యత్వం. ఇంకో వరుసలో లేడీస్ హాస్టల్ వార్డెన్, సాంస్కృతిక కమిటీ, స్నాతకోత్సవ ఆహ్వానం, కౌన్సెలింగ్ సెల్, ఉమెన్స్ సెల్. మొదటి వరుసలో పనిచేసినవాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఫైలు ఎక్కడ ఆగుతుందో, సచివాలయంలో ఎవరిని కలవాలో, కోర్టు కేసుకు కౌంటర్ ఎలా వేయాలో తెలుస్తాయి. రెండో వరుస పని తక్కువేమీ కాదు. అర్ధరాత్రి హాస్టల్లో అమ్మాయికి జ్వరమొస్తే ఆసుపత్రికి పరుగెత్తేది వార్డెనే. కానీ ఆ పరుగు బయోడేటాలో ఒక్క వాక్యం. వీసీ పదవికి వడపోత జరిగేటప్పుడు అడిగే ‘పాలనానుభవం’ మొదటి వరుసలోనే దొరుకుతుంది. ఎవరిని ఎక్కడ వేస్తారన్నది రూల్‌బుక్‌లో ఉండదు. ‘మేడమైతే పిల్లలు చెప్పిన మాట వింటారు’ అని ఒకరు, ‘పరీక్షల విభాగంలో రాత్రిళ్లు ఉండాలి, మేడంకి ఇబ్బంది’ అని మరొకరు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడతారు. ఆ మర్యాద పదేళ్లు సాగేసరికి ఒకరి చేతిలో పాలన మొత్తం ఉంటుంది, మరొకరి చేతిలో హాస్టల్ తాళాలుంటాయి.

దీనికి చట్టం కూడా, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, కొంత తోడవుతోంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీకి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి. ఆ నియమం తప్పనిసరిగా ఉండాల్సిందే. అధ్యాపకుల ఎంపిక కమిటీల్లో కూడా మహిళా అభ్యర్థులున్నప్పుడు మహిళా ప్రతినిధి ఉండాలని యూజీసీ చెబుతుంది. అదీ మంచిదే. అయితే మొత్తం మీద నలుగురైదుగురు మహిళా ప్రొఫెసర్లున్న చోట ఈ కమిటీలన్నీ ఆ నలుగురి నెత్తినే పడతాయి. వాళ్ల తోటి మగ ప్రొఫెసర్ ఆ సమయంలో పరిశోధన ప్రాజెక్టు రాసుకుంటాడు. ఫిర్యాదుల కమిటీ పని తలనొప్పే కాదు, శత్రువులను తెచ్చిపెట్టే పని కూడా. పలుకుబడి ఉన్న ఒక ప్రొఫెసర్ మీద నివేదిక రాసిన మహిళ పేరు ఐదేళ్ల తర్వాత ప్యానెల్ కోసం చర్చకొస్తే, ‘ఆవిడ కాస్త వివాదాల మనిషి’ అన్న మాట ఎక్కడి నుంచి మొదలైందో ఎవరూ చెప్పలేరు.

ఇలాంటి చిన్నచిన్న తేడాలను ఎత్తి చూపితే ‘మీ ఊహ’ అని కొట్టిపారేయడం తేలిక. అమెరికాలో ఒక శాస్త్రవేత్త ఆ ఊహను కొలిచి చూపించారు. ఎంఐటీలో జీవశాస్త్ర ఆచార్యురాలు నాన్సీ హాప్కిన్స్‌కు 1990ల మొదట్లో జీబ్రాఫిష్ మీద పరిశోధన కోసం చేపల తొట్లు పెట్టుకోవడానికి కొంచెం చోటు కావలసి వచ్చింది. అడిగితే లేదన్నారు. తనకున్న చోటు ఇతరులకన్నా తక్కువని ఆమె చెబితే నమ్మలేదు. దాంతో ఆమె టేపు పట్టుకుని భవనంలోని ల్యాబులను ఒక్కొక్కటీ కొలిచారు. లెక్క తేలింది. సీనియర్ ప్రొఫెసర్ అయిన ఆమెకన్నా మగ సహోద్యోగులకు ఎక్కువ చోటు ఉంది. తర్వాత తనలాంటి అనుభవం ఉన్న మహిళలను ఆమె కలిశారు. ఎంఐటీ సైన్స్ విభాగంలో 1994 నాటికి శాశ్వత హోదా ఉన్న ఆచార్యులు పురుషులు 194 మంది, మహిళలు 15 మంది. ఆ కొద్దిమందీ కలిసి డీన్‌ను కదిలించి కమిటీ వేయించారు. ల్యాబుల చోటే కాదు, జీతాలు, నిధులు, కమిటీల్లో స్థానాలు అన్నీ లెక్కకొచ్చాయి. 1999లో నివేదిక బయటపెట్టి, తేడా ఉన్న మాట నిజమేనని ఎంఐటీ ఒప్పుకుంది. ఐదేళ్ల తర్వాత, 2004లో, ఆ సంస్థకు సుసాన్ హాక్‌ఫీల్డ్ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

హాప్కిన్స్ చేసిన పనిలో గొప్పతనం ఏమిటంటే, ఆమె ఎవరి మనసులోని వివక్షనూ నిరూపించడానికి ప్రయత్నించలేదు. గది పొడవు, వెడల్పు చూపించారు. మనస్తత్వ శాస్త్రవేత్త వర్జీనియా వేలియన్ కూడా 1998లో తన పుస్తకంలో ఇంచుమించు ఇదే చెప్పారు. ఒక్కో సందర్భంలో కనిపించే తేడా గోరంత. ఫిర్యాదు చేస్తే చేసినవాళ్లే చిన్నబోవాలి. కానీ అవన్నీ ఒకే దిక్కుకు మొగ్గుతాయి, ఏళ్ల తరబడి వడ్డీలా పెరుగుతాయి. మన క్యాంపస్‌లలో గత పదేళ్ల ఆఫీసు ఆర్డర్లు ముందేసుకుని, ఏ కమిటీకి ఎవరిని ఎన్నేళ్లు వేశారో లెక్క తీస్తే అలాంటి టేపే చేతికొస్తుంది.

చివరి తలుపు దగ్గర మన రాష్ట్రాల్లో జరిగేది ఇది. చట్టం ప్రకారం సెర్చ్ కమిటీలో ముగ్గురుంటారు: పాలకమండలి నామినీ, యూజీసీ నామినీ, రాష్ట్ర ప్రభుత్వ నామినీ. వాళ్లు మూడు పేర్లతో ప్యానెల్ ఇస్తారు. అందులోంచి ఒకరిని మూడేళ్లకు నియమిస్తారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికకు మహిళా ప్రతినిధి ఉండాలని రాసిన యూజీసీ నిబంధనలు, వీసీని వెతికే కమిటీ విషయంలో ఆ మాట ఎత్తలేదు. కింది మెట్టుకు అవసరమైన జాగ్రత్త పై మెట్టుకు అవసరం లేదని ఎలా అనుకున్నారో అర్థం కాదు. ఆ ముగ్గురూ మగవాళ్లే అయితే వాళ్లకు గుర్తొచ్చే పేర్లు ఎవరివి? సెమినార్లలో, గెస్ట్‌హౌస్ భోజనాల దగ్గర, ఇన్‌స్పెక్షన్ టూర్లలో తమతో తిరిగినవాళ్లవి. ఇందులో కుట్ర వెతకాల్సిన పని లేదు. పరిచయం ఉన్నవాళ్ల పేరే ముందు తడుతుంది.

పైరవీ సంగతి కూడా దాచిపెట్టడం అనవసరం. వీసీ పోస్టు ఖాళీ అయిందంటే ఆశావహులు మంత్రుల ఇళ్ల చుట్టూ, పార్టీ పెద్దల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతారన్నది క్యాంపస్‌లో అటెండర్‌కి కూడా తెలిసిన సంగతే. ఒక మగ ప్రొఫెసర్ రాత్రి పది గంటలకు ఎమ్మెల్యే ఇంటి హాల్లో కూర్చుంటే అది ప్రయత్నం. అదే పని ఒక మహిళ చేస్తే మర్నాటికి ఏ కథలు పుడతాయో ఆమెకు ముందే తెలుసు. ప్రతిభతో పాటు తిరుగుడూ అర్హతగా మారిన చోట, తిరగలేనివాళ్లు వెనకబడతారు. ఈ పద్ధతి మగవాళ్లలోనూ ఆత్మాభిమానం ఉన్న మంచి అధ్యాపకులను దూరం చేసింది. మహిళలను దాదాపు టోకున పక్కన పెట్టేసింది.

పేరు ముందుకొచ్చాక కూడా మహిళను ఆమె సొంత అర్హతతోనే చూడరు. నయీమా ఖాతూన్ నియామకం దీనికి మంచి ఉదాహరణ. ప్యానెల్‌పై ఓటింగ్ జరిగినప్పుడు అలీగఢ్ తాత్కాలిక వీసీగా ఉన్నది ఆమె భర్తే, ఆయన ఓటు కూడా వేశారు. దాని మీద కేసు నడిచింది. ప్రశ్న అడగాల్సిందే, ఆయన ఆ సమావేశానికి దూరంగా ఉంటే బాగుండేది. 2025లో అలహాబాద్ హైకోర్టు ఆమె నియామకాన్ని సమర్థించింది. ఈ గొడవలో మరుగున పడింది ఆమె సొంత అనుభవం. సైకాలజీ ఆచార్యురాలు, 2014 నుంచి అలీగఢ్ మహిళా కళాశాల ప్రిన్సిపాల్. ఆమెకు పాలన నేర్పింది ఆ కాలేజీయే.

మహిళా కళాశాలల పాత్ర ఇక్కడే గుర్తించాలి. 1924లో మొదలైన కోఠి మహిళా కళాశాలలో ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్న మహిళలు బడ్జెట్ చూశారు, భవనాల మరమ్మతులు చేయించారు, వేల మంది అమ్మాయిల అడ్మిషన్లు నడిపించారు. తిరుపతిలో 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాక రిజిస్ట్రార్, డీన్, వీసీ అనే పదవులు మహిళలకు మామూలు ఉద్యోగాలయ్యాయి. ఇవి లేకపోతే తెలుగునాట ఆ పదవుల్లో మహిళలను చూడటానికి ఇంకెన్నేళ్లు పట్టేదో. అయితే అక్కడ వీసీగా చేసిన మహిళను ఆ తర్వాత వేరే పెద్ద విశ్వవిద్యాలయానికి తీసుకోవడం అరుదు. మహిళలకంటూ ఒక కుర్చీ ఉందిగా అన్న నిశ్చింతతో మిగతా కుర్చీల గురించి అడగడం మానేస్తున్నారు. ఆ మిగతా కుర్చీల్లోకి మహిళలు వెళ్లిన మినహాయింపులున్నాయి. ఆవుల మంజులత తెలుగు విశ్వవిద్యాలయానికి వీసీగా చేశారు. ఉస్మానియా ఇంగ్లిష్ శాఖ నుంచి సునయనా సింగ్ హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి (ఇఫ్లూ), ఆపైన నలందా విశ్వవిద్యాలయానికి వీసీగా వెళ్లారు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పేర్లు కావడం వల్లే అవి చటుక్కున గుర్తొస్తాయి.

మోర్లీ, క్రాసార్డ్ అధ్యయనంలో ఇంకో అంశం ఉంది. తిరస్కారంతో పాటు, మహిళలే ఆ పదవి వద్దనుకోవడాన్ని కూడా వాళ్లు గమనించారు. దీన్ని పట్టుకుని ‘వాళ్లకే ఆసక్తి లేదు’ అనేవాళ్లుంటారు. కానీ మన రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వీసీ రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్న కాంట్రాక్టు సిబ్బంది ధర్నా, మధ్యాహ్నం పెన్షన్ల బకాయిలపై ఫోన్లు, సాయంత్రం ఎవరిదో సిఫారసు, రాత్రి హాస్టల్ మెస్ దగ్గర గొడవ. జీతాలకే నిధులు చాలని చోట పరిశోధన గురించి ఆలోచించే తీరికెక్కడిది? మగ వీసీ ఈ గొడవల మధ్య ఇంటికొస్తే, ఆయన ఇల్లు నడిచిపోతూ ఉంటుంది. మహిళా వీసీకి ఆ ఇల్లు నడిపే బాధ్యత కూడా చాలాచోట్ల తనదే. పదవి రూపమే అలా ఉన్నప్పుడు దాన్ని వద్దనుకోవడం పిరికితనమూ కాదు, అనాసక్తీ కాదు. బేరీజు వేసుకుని తీసుకున్న నిర్ణయం.

పదవి రావడంతో అడ్డంకులు తొలగిపోతాయని కూడా లేదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లమ్ 2005లో బ్రిటిష్ కంపెనీల బోర్డులను పరిశీలించి ఒక సంగతి చెప్పారు. సంస్థ కష్టాల్లో ఉన్న సమయంలోనే మహిళలకు పగ్గాలు అప్పగించే ధోరణి కనిపిస్తోందని. విశాఖపట్నంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ, ఎంబీఏ చదివి, కాన్సాస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన బెండపూడి నీలి ప్రయాణం చూస్తే ఆ మాట గుర్తురాక మానదు. 2018లో ఆమె లూయివిల్ విశ్వవిద్యాలయ అధ్యక్షురాలయ్యేనాటికి ముందటి అధ్యక్షుడు వివాదాల మధ్య తప్పుకుని ఉన్నారు. బాస్కెట్‌బాల్ కుంభకోణంలో 2013 జాతీయ టైటిల్‌ను కొన్ని నెలల ముందే రద్దు చేశారు. ఆమె చేరిన రెండు నెలలకే ఒక భారీ దాత జాతివివక్ష మాట బయటపడింది. స్టేడియం మీదినుంచి అతని కంపెనీ పేరును ఆమె తీయించేశారు. 2022లో పెన్ స్టేట్‌కు అధ్యక్షురాలయ్యారు. 1855లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి తొలి మహిళ, తొలి శ్వేతజాతేతర అధ్యక్షురాలు. అక్కడ ఎదురొచ్చింది 14 కోట్ల డాలర్ల లోటు. 2025లో ఏడు క్యాంపస్‌లను మూసేయాలన్న కఠిన నిర్ణయం బోర్డు ఆమోదం పొందింది. ఆ కోపమంతా ఆమె మీదే విరుచుకుపడింది. లోటు ఎవరి హయాంలో పుట్టిందన్నది అప్పుడెవరికీ పట్టదు. ఒక మగ అధ్యక్షుడు విఫలమైతే ఆ మనిషి విఫలమైనట్టు. ఒక మహిళ తడబడితే ఆమె తర్వాత రావాల్సిన పదిమంది మీద దాని నీడ పడుతుంది.

ఆ కుర్చీలో మహిళ కూర్చుంటే ఏం మారుతుందని ఎవరైనా అడిగితే బొంబాయిలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవచ్చు. 1995 నుంచి 2000 దాకా అక్కడి విశ్వవిద్యాలయానికి వీసీగా ఉన్న స్నేహలతా దేశ్‌ముఖ్ వృత్తిరీత్యా పిల్లల శస్త్రచికిత్స వైద్యురాలు, సయాన్ ఆసుపత్రి డీన్‌గా చేసినవారు. విద్యార్థుల సర్టిఫికెట్ల మీద తల్లి పేరు కూడా ఉండాలని ఆమె పట్టుబట్టి అమలు చేయించారు. వింటే ఏముంది, ఒక గడి చేర్చడమే. కానీ భర్త వదిలేసిన తల్లి, ఒంటరిగా పెంచిన తల్లి కష్టపడి చదివించిన పిల్లవాడి చేతికొచ్చే కాగితం మీద అంతకుముందు ఆమె జాడే లేదు. అంతకుముందు ఆ ఫారం మీద సంతకాలు చేసినవాళ్లెవరికీ ఆ ఖాళీ కనబడలేదు. ఆడవాళ్లందరూ మంచి వీసీలవుతారని ఎవరూ అనలేరు, అనక్కర్లేదు కూడా. కొన్ని ఖాళీలు కొందరి కంటికే ఆనతాయి.

మార్పుకు ఎంత కాలం పడుతుందన్న దానికి బ్రిటన్‌లో ఒక దాఖలా ఉంది. అక్కడ 2005 నుంచి అథీనా స్వాన్ అనే గుర్తింపు పద్ధతి నడుస్తోంది. పనుల పంపకం, ప్రమోషన్లు, కమిటీల లెక్కలు బయటపెట్టి, సరిదిద్దుకునే ప్రణాళిక చూపిన విభాగాలకు కంచు, వెండి, బంగారు గుర్తింపులిస్తారు. మొదట్లో చాలా వైద్య కళాశాలలు పట్టించుకోలేదు. 2011లో ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి సాలీ డేవిస్ ఒక షరతు పెట్టారు: వెండి స్థాయి లేకుంటే జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఇచ్చే పెద్ద నిధులకు పోటీపడే వీలుండదని. ఆ మాటతో కళాశాలలు దరఖాస్తులు పట్టుకుని పరుగెత్తాయి. ఆ షరతును 2020లో తీసేశారు గానీ, డబ్బుతో ముడిపెడితే ఎంత తొందరగా లెక్కలు బయటికొస్తాయో అప్పటికే తేలిపోయింది. మన శాస్త్ర సాంకేతిక శాఖ కూడా అదే దారిలో ‘గతి’ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కానీ అది ఇష్టమున్న సంస్థలు మాత్రమే చేరేది. అందుకే రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ప్రాణవాయువు లాంటి కేంద్ర పథకం పీఎం-ఉష నిధుల దరఖాస్తులోనో, న్యాక్ గుర్తింపు నివేదికలోనో ఒక్క పేజీ చేర్చాలి: గత ఐదేళ్లలో రిజిస్ట్రార్, పరీక్షల కంట్రోలర్, ఫైనాన్స్ కమిటీ, డీన్ పదవుల్లో ఎవరెవరు, ఎన్నేళ్లు, ప్రమోషన్‌కు అర్హత వచ్చిన తేదీకీ ఉత్తర్వు చేతికొచ్చిన తేదీకీ మధ్య మగవాళ్లకు ఎంత కాలం, ఆడవాళ్లకు ఎంత కాలం పట్టింది, సెర్చ్ కమిటీకి పాలకమండలి పంపిన నామినీ ఎవరు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సర్వే అక్కర్లేదు. ఆ వివరాలన్నీ ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ బీరువాల్లో, తేదీలతో, సంతకాలతో సహా ఇప్పటికే ఉన్నాయి.